లీకేజీకి ఏడాదే వారంటీ అంటే ఒప్పుకోకండి

వచ్చే నెల కొత్త ఫ్లాట్ తాళాలు ఇస్తున్నారు, లీకేజీలు వస్తే ఏడాది వరకే మా బాధ్యత అని బిల్డర్ అంటున్నాడు, నిజమేనా అని అడిగారు.

కాదండీ. రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) రిజిస్టరైన ప్రాజెక్ట్ అయితే, 2016 నాటి రెరా చట్టం 14(3) సెక్షన్ ప్రకారం పొసెషన్ ఇచ్చిన రోజు నుంచి ఐదేళ్లు. పిల్లర్లు, స్లాబులే కాదు, పనితనంలో, నాణ్యతలో లోపాలు కూడా ఇందులోకి వస్తాయి. మీరు చెప్పాక 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగు చేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి, ముందు మీది ఏదో చూసుకోండి.

మేము హైదరాబాద్ బాచుపల్లిలో 2021 ఆగస్టులో మా ఫ్లాట్‌లో చేరాం. 2023 జులైలో ముసురు పట్టినప్పుడు పిల్లల గది గోడ మీద చెయ్యి పెడితే చల్లగా, మెత్తగా తగిలింది. వారం తిరిగేసరికి పెయింట్ బొబ్బలా లేచింది, గోరు తగిలితే లప్పం పొడిపొడిగా రాలింది. వర్షం వల్లే అనుకున్నాం. కానీ ఆ గోడకు అవతల ఉన్నది మా బాత్రూమ్. కింది ఫ్లాట్ ఆంటీ పిలిచి వాళ్ల బాత్రూమ్ సీలింగ్ మీద మచ్చ చూపించాక అర్థమైంది.

సైట్ ఇంజినీర్‌కి ఫోన్ చేస్తే "రేపు మనిషిని పంపిస్తా మేడమ్" అంటూ రెండు నెలలు తిప్పాడు. ఆ తర్వాత ఏడాది దాటిపోయింది కదా అన్నాడు. ఒక పక్క ఈఎంఐ, ఇంకో పక్క కింది వాళ్ల ముందు తలవంపు, ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. చివరికి అసోసియేషన్‌లో ఒక పెద్దాయన "ఫోన్లు ఆపమ్మా, కాగితం మీద పెట్టు" అన్నారు. ఫొటోలు, పొసెషన్ లెటర్ కాపీ జతచేసి, సెక్షన్ నంబరు రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, మెయిల్ కూడా పెట్టాం. పదో రోజున మేస్త్రీ వచ్చాడు. టైల్స్ లేపితే పైపు చుట్టూ వాటర్‌ప్రూఫింగే లేదు, కింద నింపిన రబ్బిష్ అంతా తడిసి ముద్దయింది. కొత్త కోటింగ్ వేశాక రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింద చుక్క పడలేదని చూశాకే టైల్స్ వేయనిచ్చాం.

ఆ పని మీరు తాళాలు తీసుకునే ముందే చేయించండి. బాత్రూమ్ జాలీకి గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు పట్టి, ఒక రోజు ఉంచి, కింది ఫ్లాట్ సీలింగ్ చూడండి. టైల్స్ మీద రూపాయి బిళ్లతో కొట్టుకుంటూ వెళ్లండి, డొల్ల మోగిన చోట చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. కనిపించిన ప్రతి లోపం పొసెషన్ లెటర్ మీదే రాయించి కాపీ తీసుకోండి, "అంతా సంతృప్తికరం" అని ఉంటే సంతకం పెట్టకండి. ఇంటీరియర్ మొదలుపెట్టే ముందు ప్రతి గోడనూ ఫొటో తీయండి. లేకపోతే మీ కార్పెంటర్ డ్రిల్లింగ్ వల్లే పగిలిందంటారు.

కుళాయిలు, స్విచ్‌లు లాంటి వాటికి కంపెనీ వారంటీ వేరుగా ఉంటుంది, ఆ కార్డులూ బిల్లులూ అడిగి తీసుకోండి.

లోపం రాసిచ్చాక కూడా బాగు చేయకుండా 30 రోజులు దాటితే రాష్ట్ర రెరాకు ఫిర్యాదు చేయొచ్చు. మాకు అంతదాకా రాలేదు. ఈ రోజే మీ అగ్రిమెంట్‌లో "డిఫెక్ట్ లయబిలిటీ" (లోపాలకు బిల్డర్ బాధ్యత) అనే పేరా వెతికి, అందులో ఎన్నేళ్లు రాశారో చూడండి. ఏడాది అని ఉన్నా భయపడకండి, చట్టం ఇచ్చిన ఐదేళ్లను ఆ మాట తగ్గించలేదు.