సూపర్ గ్లూతో తెల్లబడ్డ అద్దం బాగవుతుంది

తమ్ముడూ, నీ 1/24 స్కైలైన్ (అసలు కారులో 24వ వంతు సైజు మోడల్ కారు) ముందు ప్లాస్టిక్ అద్దాన్ని పారేయకు. సూపర్ గ్లూతో అతికించాక తెల్లగా మసక పట్టిందన్నావు కదా, అది గ్లూ ఆవిరి గాలిలోని తేమ తగిలి గట్టిపడిన పొర. చాలావరకు పైపైనే ఉంటుంది. పెయింట్ థిన్నర్ మాత్రం తాకించకు, ఆ ప్లాస్టిక్ పగుళ్లు బారుతుంది. తడి నూలుగుడ్డ మీద కొంచెం తెల్ల టూత్‌పేస్టు (జెల్ వద్దు) వేసుకుని, గట్టిగా నొక్కకుండా ఓపిగ్గా రుద్దు. ఇంకా మచ్చ మిగిలితే 2000 నంబరు వాటర్ పేపర్ (బాగా సన్నటి గరుకు కాగితం) నీళ్లలో తడిపి మెల్లగా రుద్ది, మళ్లీ పేస్టు పట్టించు. నావి రెండు అద్దాలు ఇలాగే బతికాయి. తిరిగి బిగించడానికి ఫెవికాల్ చాలు. ఆరాక పెద్దగా కనిపించదు, అంచు దాటితే వెంటనే తడిగుడ్డతో తుడిచేయొచ్చు.