నీళ్లు ఎక్కించడం ఆపి, ముందు ప్రెషర్ ముల్లును చూడు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. మీ ఇంటిని వెచ్చబరిచే గ్యాస్ బాయిలర్ మీద ఎర్ర దీపం వెలిగినప్పుడల్లా రీసెట్ నొక్కుతున్నామనీ, ప్రెషర్ పడిపోతోందని రెండు మూడు రోజులకోసారి నీళ్లు ఎక్కిస్తున్నామనీ, అయినా పై అంతస్తు గది చల్లగానే ఉంటోందనీ రాశావు. రీసెట్ సంగతి అలా ఉంచు. ఒకటి రెండు సార్లు నొక్కితే కొంప మునగదు, అంతకుమించి నొక్కవద్దు. నాకు నచ్చనిది ఆ నీళ్లు ఎక్కించడం. ఈ బాయిలర్ల మధ్యనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను: ప్రెషర్ ఎందుకు పడుతోందో కనుక్కోకుండా మళ్లీ మళ్లీ నింపితే జబ్బు దాగుతుంది కానీ తగ్గదు.

అల్లుడుగారి చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే ముందు దాన్ని కింద పెట్టించు. బాయిలర్ ముందు మూత మనం తీయకూడదు. చాలా బాయిలర్లలో పొగ గదిలోకి రాకుండా ఆపే బిగింపులో ఆ మూత కూడా భాగమే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. దాన్ని పసిగట్టే అలారం ఇంట్లో లేకపోతే ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు అది తెప్పించు. ఇంట్లో ఉన్నప్పుడు తలనొప్పి, వికారం వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతుంటే, లేదా నీలంగా ఉండవలసిన మంట పసుపుగా ఊగుతుంటే, బాయిలర్ ఆపి, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చేయండి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ వేయవద్దు, తీయవద్దు. మీటరు దగ్గర గ్యాస్ కట్టేసి, బయటికి వెళ్లాకే ఫోను చెయ్యి.

ఇక అసలు సంగతి. బాయిలర్ మొరాయించినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: కుళాయిలో వేడి నీళ్లు వస్తున్నాయా? ట్యాంకు లేకుండా ఒకే బాయిలర్ కుళాయి నీళ్లనూ, గదులనూ వేడిచేసే మీలాంటి ఇంట్లో, కుళాయి వేడిగా ఉండి రేడియేటర్లు (వేడి నీళ్లు పారి గదిని వెచ్చబరిచే పలకలు) మాత్రం చల్లగా ఉన్నాయంటే గ్యాస్ వస్తోంది, మంట అంటుకుంటోంది అన్నమాట. అప్పుడు చూడవలసింది గది వేడిని బట్టి బాయిలర్‌ను నడిపే గది థర్మోస్టాట్‌ను, దాని బ్యాటరీలను, టైమరును, ఆ తర్వాత వేడి నీటిని కుళాయి వైపా, రేడియేటర్ల వైపా అని మళ్లించే డైవర్టర్ వాల్వ్‌ను. కుళాయి తిప్పినప్పుడు అడగని రేడియేటర్లు కూడా వేడెక్కితే ఆ వాల్వ్ మధ్యలో ఇరుక్కుందనే అర్థం. రెండూ చల్లగా ఉంటే కరెంటు, గ్యాస్, ప్రెషర్ వరసగా చూడాలి. వంటింట్లో పొయ్యి వెలిగిందంటే గ్యాస్ సంగతి తేలిపోయినట్లే.

మీ ఇంట్లో దొంగ మాత్రం ప్రెషర్ దగ్గరే ఉన్నాడని నా అనుమానం. రేపు పొద్దున, బాయిలర్ రాత్రంతా ఆగి ఉన్నప్పుడు, ప్రెషర్ మీటరు ముల్లు ఎక్కడుందో కాగితం మీద రాసిపెట్టు. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ (ప్రెషర్‌ను కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. తర్వాత వేడి పెట్టి, రేడియేటర్లన్నీ బాగా కాగాక మళ్లీ చూడు. కొంచెం పెరగడం సహజం, 2 బార్ దాకా వెళ్లినా ఫరవాలేదు. ముల్లు అక్కడ ఆగకుండా 3 వైపు పరుగు తీసి, చల్లారాక సున్నా దగ్గరికి జారిపోతుంటే అది లీకు కాదు.

ఎందుకో చెబుతాను. 10 డిగ్రీల నీటిని 80 డిగ్రీలకు కాస్తే అది సుమారు 3 శాతం ఉబ్బుతుంది. గొట్టాల్లో, రేడియేటర్లలో కలిపి 100 లీటర్లు ఉన్నాయనుకుంటే 3 లీటర్లు ఎక్కువవుతాయి. నీటిని నొక్కితే కుదించుకోదు కాబట్టి ఆ 3 లీటర్లకు చోటు కావాలి. అందుకే ఎక్స్‌పాన్షన్ వెసెల్ అనే ఇనుప డబ్బా ఉంటుంది. దాని మధ్యలో రబ్బరు పొర, ఒక పక్క గాలి, రెండో పక్క నీరు. నీరు ఉబ్బినప్పుడు గాలి నొక్కుకుని చోటిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ సైకిలు ట్యూబులోలాగా ఆ గాలి తగ్గిపోతుంది. అప్పుడు ఉబ్బిన నీటికి చోటు దొరకదు, ప్రెషర్ 3 బార్ చేరుతుంది, సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్లను గోడ బయటికి పారబోస్తుంది. చల్లారాక లోపల నీళ్లు తక్కువై ముల్లు పడిపోతుంది. మీరు మళ్లీ నింపుతారు, అది మళ్లీ పారబోస్తుంది. బయట గోడలోంచి కిందికి వంగి వచ్చిన రాగి గొట్టం కింద ఒక ఖాళీ డబ్బా పెట్టి చూడు. సాయంత్రానికి అందులో నీళ్లుంటే సంగతి తేలినట్లే. చెయ్యి మాత్రం పెట్టవద్దు, నీళ్లు సలసల కాగుతూ రావచ్చు. ఒకసారి తెరుచుకున్న సేఫ్టీ వాల్వ్‌లో నలుసు చిక్కుకుని, ఆ తర్వాత ఊరికే కారుతూ ఉండటం కూడా మామూలే.

అలా కాకుండా వేడి, చలి అనే తేడా లేకుండా ముల్లు మెల్లగా దిగుతుంటే లీకు వెతకాలి. పొడి కాగితపు రుమాలుతో ప్రతి రేడియేటర్ వాల్వ్ కిందా, ప్రతి అతుకూ తుడిచి చూడు. చెమ్మ ఇంకిపోయిన చోట రాగి మీద పచ్చగానో తెల్లగానో పొలుసు కట్టి ఉంటుంది. ఇంకొకటి: చల్లగా ఉన్నప్పుడు కూడా ముల్లు పైకి పాకుతుంటే నీళ్లు ఎక్కించే గొట్టం కుళాయి సరిగా మూతపడలేదు.

నింపుతూ పోతే ఏమవుతుందని అడుగుతావు. కొత్త నీటితో కొత్త ఆక్సిజన్ వస్తుంది. ఉక్కు రేడియేటర్లు లోపలి నుంచి తుప్పు పట్టి, ఆ తుప్పు నల్లటి బురదగా అడుగున పేరుకుంటుంది. తుప్పును ఆపడానికి పోసిన మందు కూడా పలచబడిపోతుంది. చివరికి పంపు చెడుతుంది.

పై గది రేడియేటర్‌ను ముట్టుకుని చూడు. పైన చల్లగా, కింద వేడిగా ఉంటే గాలి చేరింది. వేడి ఆపి, చల్లారనిచ్చి, గుడ్డ పట్టుకుని, రేడియేటర్ తాళంచెవితో గాలి తీసే చిన్న స్క్రూను అర చుట్టు తిప్పు. బుస్సుమని గాలి పోయి నీటి చుక్క కనబడగానే బిగించు. ఆ తర్వాత ప్రెషర్ తగ్గితే ఒక్కసారి నింపుకోవచ్చు. వారం వారం గాలి తీయవలసి వస్తుంటే మాత్రం అది గాలి కాకపోవచ్చు, తుప్పు వల్ల పుట్టిన హైడ్రోజన్ కావచ్చు. దగ్గరికి మంట తీసుకురావద్దు. పైన వేడిగా ఉండి అడుగున, నడిమి భాగంలో చల్లగా ఉంటే బురద చేరినట్లు. అది ఒక్కటే పూర్తిగా చల్లగా ఉంటే ఆ రేడియేటర్ వాల్వ్ మీదున్న థర్మోస్టాట్ తల విప్పి, కింద ఉన్న పిన్నును మెల్లగా నొక్కు, తిరిగి పైకి లేవాలి. లేవకపోతే పట్టకారుతో లాగవద్దు. ఊడి వచ్చిందంటే గది నిండా నల్లనీళ్లే.

గడ్డకట్టే చలిలో బాయిలర్ ఆగిపోయి గుడగుడ శబ్దం వస్తే, బయటికి పోయే సన్నని ప్లాస్టిక్ గొట్టంలో నీరు గడ్డకట్టి ఉంటుంది. దాని మీద గోరువెచ్చని నీళ్లు పోసి రీసెట్ చెయ్యి. మరిగే నీళ్లు పోస్తే గొట్టం పగలవచ్చు.

మెకానిక్‌ను పిలిచేటప్పుడు గ్యాస్ పనికి అనుమతి ఉన్నవాడేనా అని కార్డు అడిగి చూడు, మొహమాటపడవద్దు. తెర మీద కనబడిన ఎర్రర్ అంకె, నువ్వు రాసుకున్న చల్లని, వేడి ప్రెషర్ అంకెలు అతనికి చెప్పు. వెసెల్‌లో గాలి కొలిచాడా లేదా గమనించు. లోపలి నీటి ప్రెషర్ సున్నాకు దించాకే ఆ కొలత నిజమవుతుంది. గాలి మూతిలోంచి నీళ్లు వస్తే రబ్బరు చిరిగిందన్నమాట, వెసెల్ మార్చాలి. లోపలిది అందకపోతే గొట్టం మీద బయట ఇంకొకటి బిగించవచ్చు. ఇదేమీ చూడకుండా బాయిలరే మార్చమనేవాడికి మంచినీళ్లిచ్చి పంపించు.

పొద్దుటి అంకె, కాగాక వచ్చిన అంకె, డబ్బాలో నీళ్లు పడ్డాయా లేదా, ఈ మూడూ నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న