ఆటల సందేహాలు: బోనస్ పోయేలోపు పడాల్సిన మంత్రాలు

ప్రశ్న: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ‘మిస్ట్స్ ఆఫ్ పాండారియా క్లాసిక్’లో అఫ్లిక్షన్ వార్లాక్ (శాపాలతో శత్రువును నెమ్మదిగా కుంగదీసే మంత్రగాడు) ఆడుతున్నాను. ట్రింకెట్ (అప్పుడప్పుడు కొన్ని సెకన్లపాటు బలం పెంచే వస్తువు) వెలగగానే డాట్లన్నీ (కొంతసేపు విడతలవారీగా డ్యామేజీ చేసే మంత్రాలు) మళ్లీ వేస్తాను. అయినా గిల్డులో నాకన్నా తక్కువ గేరు (ఆయుధాలు, కవచాలు) ఉన్న వార్లాకే డ్యామేజీలో పైనుంటున్నాడు. తేడా ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వెలగగానే వేసి, అక్కడితో ఊరుకోవడంలోనే ఉంది. ఈ ఎక్స్‌పాన్షన్‌లో డాట్ పడిన క్షణాన మీ స్పెల్ పవర్ (మంత్రబలం), క్రిట్ (రెట్టింపు దెబ్బ పడే అవకాశం), హేస్ట్ (వేగం) ఎంతుంటే, ఆ డాట్ అయిపోయేదాకా అదే లెక్క నడుస్తుంది. దీన్నే స్నాప్‌షాట్ అంటారు. ట్రింకెట్ వంటివి ఇచ్చే తాత్కాలిక బోనస్ పోయినా డాట్ బలం తగ్గదు. కాబట్టి బోనస్ రాగానే ఒకసారి వేసినా, అసలు లాభం అది పోయే ముందు వేసే రెండోసారిలోనే.

పాండెమిక్ అనే వార్లాక్ గుణం వల్ల డాట్‌ను గడువు తీరకముందే మళ్లీ వేస్తే, మిగిలిన సమయం అసలు వ్యవధిలో సగం వరకు కలుస్తుంది. అన్‌స్టేబుల్ అఫ్లిక్షన్ 14 సెకన్లు, అంటే 21 దాకా. కరప్షన్ 18 నుంచి 27, ఆగనీ 24 నుంచి 36. ఇదంతా పెరిగిన బలంతోనే.

లెక్క చూడండి. మామూలుగా మీ స్పెల్ పవర్ 20,000 అనుకుందాం. ఆయుధం మీది జేడ్ స్పిరిట్ మంత్రం 1,650, టైలరింగ్ వృత్తితో వచ్చే లైట్‌వీవ్ 2,000, జేడ్ సర్పెంట్ పోషన్ 4,000 ఇంటెలెక్ట్ (ఇది స్పెల్ పవర్‌ను పెంచుతుంది) ఒకేసారి ఉంటే 27,650 అవుతుంది. దాదాపు 38% ఎక్కువ. అయితే వీటి వ్యవధులు వరసగా 12, 15, 25 సెకన్లు. మూడూ కలిసుండే సమయం తక్కువ, ముందు ఆరిపోయే దాని మీదే కన్నుండాలి.

అన్‌స్టేబుల్ క్యాస్టుకు (మంత్రం పూర్తి కావడానికి) 1.5 సెకన్లు. క్యాస్టు ముగిసినప్పుడు బోనస్ బతికుండాలి, మొదలైనప్పుడు ఉంటే చాలదు. హేస్ట్ లేకుండా అన్‌స్టేబుల్, ఆగనీ, కరప్షన్ వరసగా వేస్తే చివరిది 3 సెకన్లకు పడుతుంది. అందుకే టైమరులో 4 సెకన్లు కనిపించగానే మొదలుపెట్టండి. ఆలస్యమైందా, ఒక షార్డు (వార్లాక్ కూడబెట్టుకునే శక్తి) ఖర్చుపెట్టి సోల్‌బర్న్‌తో సోల్ స్వాప్ కొట్టండి, మూడూ ఒక్క దెబ్బకు పడతాయి.

ఇక్కడే ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. బలమైన అన్‌స్టేబుల్ నడుస్తుండగానే అలవాటుకొద్దీ 7 సెకన్ల దగ్గర మామూలు బలంతో తిరిగి వేసేస్తారు. బలమైనదాన్ని బలహీనమైనది చెరిపేస్తుంది. బోనస్ లేనప్పుడు దాన్ని దాదాపు చివరి టిక్ (డ్యామేజీ పడే ఒక్కో విడత) దాకా నడవనివ్వండి. ఆగనీని మాత్రం ఆరిపోనివ్వకండి, దాని బలాన్ని పెంచుతూ పేరుకున్న 10 స్టాకులూ పోతాయి.

ప్రశ్న: కొద్దిసేపు బలం పెంచే డార్క్ సోల్‌ను ట్రింకెట్ వచ్చేదాకా ఆపుకోవాలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కొట్లాట ఎంతసేపో ముందు చూడండి. దాని కూల్‌డౌన్ (మళ్లీ వాడటానికి ఆగాల్సిన సమయం) 2 నిమిషాలు. ఆరున్నర నిమిషాల బాస్ మీద 0:00, 2:00, 4:00, 6:00కి నాలుగుసార్లు వస్తుంది. ప్రతిసారీ 15 సెకన్లు ఆపితే 0:00, 2:15, 4:30, ఆ తర్వాతది 6:45. బాస్ అప్పటికే పోయుంటాడు.

లోపలి కూల్‌డౌన్ ఉన్న ట్రింకెట్ అయితే మళ్లీ ఎప్పుడు రాగలదో అంచనా ఉంటుంది, కాస్త ఆగొచ్చు. ‘నిమిషానికి ఇన్ని’ అనే సగటు మీద నడిచేదైతే ఆగడం జూదమే. ఆర్కిమాండ్స్ డార్క్‌నెస్ టాలెంట్ తీసుకుంటే రెండు చార్జీలుంటాయి. ఒకటి బోనస్ కోసం దాచుకోండి, రెండూ నిండి ఖాళీగా కూర్చోనివ్వకండి. మొదటి పోషన్ మాత్రం పుల్‌కు (బాస్‌తో కొట్లాట మొదలుపెట్టడానికి) ఒక సెకను ముందే తాగాలి. కొట్లాట మొదలయ్యాక ఒక్కటే దొరుకుతుంది, దాన్ని జట్టు వేగం పెంచే బ్లడ్‌లస్ట్ 40 సెకన్లలో వాడండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఆడుతున్నాం, పింగ్ (సర్వర్ జవాబు రావడానికి పట్టే సమయం) ఎక్కువ. పై లెక్కలు మాకు కుదురుతాయా?
– ముగ్గురు స్నేహితులు

జవాబు: ఈ ఆటకు మన దేశంలో సర్వర్లు లేవు, కాబట్టి ఆ బాధ తప్పదు. స్పెల్ క్యూ విండో (తర్వాతి మంత్రాన్ని ఎంత ముందుగా నొక్కి ఉంచొచ్చో చెప్పే సెట్టింగు) మామూలుగా 400 మిల్లీసెకన్లు ఉంటుంది. మీ పింగ్ 180 మిల్లీసెకన్లు అయితే దాన్ని 280 దగ్గర పెట్టి చూడండి. మరీ తగ్గిస్తే మంత్రానికీ మంత్రానికీ మధ్య ఖాళీ వస్తుంది. ఎక్కువుంచితే ముందే నొక్కిన మంత్రం క్యూలో ఇరుక్కుని, సరిగ్గా అప్పుడే వెలిగిన బోనస్‌కు మీరు మనసు మార్చుకోలేరు. టైమరులో 4 సెకన్లన్న చోట మీరు నాలుగున్నర అనుకోండి.

ప్రశ్న: ఇదంతా క్లాసిక్ కాని ఇప్పటి అసలు ఆటలో పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: అఫ్లిక్షన్‌కు పనికిరాదు. 2014లో వచ్చిన వార్లార్డ్స్ ఆఫ్ డ్రేనార్ ఎక్స్‌పాన్షన్‌తో స్నాప్‌షాట్‌ను దాదాపు పూర్తిగా తీసేశారు. అక్కడ డాట్ ప్రతి టిక్‌కూ అప్పటి బలాన్నే చూస్తుంది కాబట్టి బోనస్ చూసి మళ్లీ వేయడం దండగ.