టెక్ సందేహాలు: ల్యాన్ కార్డు కాలిపోలేదు, దాని పేరు మారింది

ప్రశ్న: తిరుపతి బాలాజీ కాలనీలో డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. కస్టమర్ల ఫైళ్లన్నీ ఉబుంటు సర్వర్ (ఒక రకం లైనక్స్) వేసిన డెస్క్‌టాప్‌లో ఉంటాయి. ఈ మధ్య అందులో కొత్తగా ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) పెట్టించాను. అప్పటి నుంచి నెట్‌వర్క్ రావడం లేదు. ఆన్ చేస్తే నెట్‌వర్క్ కోసం చూస్తున్నట్టు మెసేజ్ వచ్చి రెండు నిమిషాలు అక్కడే ఆగిపోతోంది. ఇంటర్‌ఫేస్‌ని అప్ చేయమని కమాండ్ ఇస్తే 'కెనాట్ ఫైండ్ డివైస్ ఈఎన్‌పీ2ఎస్0' అంటోంది. అదే కేబుల్ ల్యాప్‌టాప్‌కి పెడితే నెట్ వస్తోంది. రిపేరు షాపులో ల్యాన్ పోర్టు కాలిపోయింది, మదర్‌బోర్డు మార్చాలన్నారు. మార్చాల్సిందేనా?

జవాబు: మదర్‌బోర్డుకి డబ్బు కట్టకండి. ఆ మెసేజ్‌ని ఇంకోసారి చదవండి. ఆ పేరుతో డివైస్ ఏదీ లేదని మాత్రమే అది చెబుతోంది. పోర్టు పాడైందని ఎక్కడా అనలేదు. మీ సమస్య మొదలైంది ఎస్ఎస్‌డీ పెట్టిన రోజున. తేల్చాల్సింది కూడా అక్కడి నుంచే.

ఒకప్పుడు లైనక్స్‌లో ల్యాన్ కార్డు పేరు ఈటీహెచ్0, ఈటీహెచ్1 అని ఉండేది. ముందు కనబడిన కార్డుకి సున్నా, తర్వాతి దానికి ఒకటి. రెండు కార్డులున్న మెషీన్లలో రీబూట్ చేస్తే పేర్లు తారుమారయ్యే ప్రమాదం ఉండేది. అందుకని 2013లో సిస్టమ్‌డీ (లైనక్స్‌ని ఆన్ చేసి నడిపించే ప్రోగ్రామ్) కొత్త పద్ధతి తెచ్చింది. కార్డు ఏ స్థానంలో ఉందో దాన్ని బట్టే పేరు. ఈఎన్‌పీ2ఎస్0లో ఈఎన్ అంటే ఈథర్‌నెట్, పీ2 అంటే పీసీఐ బస్సు (మదర్‌బోర్డుకి కార్డులు కలిసే దారి) నంబరు 2, ఎస్0 అంటే స్లాట్ 0.

ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ కూడా పీసీఐ డివైసే. కొత్తది వచ్చి చేరితే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు బస్సు నంబర్లు మళ్లీ మొదటి నుంచి వేసుకుంటుంది. నిన్నటిదాకా 2 ఉన్న ల్యాన్ కార్డు 3కి జరుగుతుంది, పేరు ఈఎన్‌పీ3ఎస్0 అవుతుంది. ఉబుంటు సెట్టింగ్స్ ఫైల్లో మాత్రం పాత పేరే ఉంటుంది. ఆ రెండు నిమిషాల ఆలస్యం కూడా ఇందుకే. లేని పేరు కోసం సిస్టమ్ 120 సెకన్లు ఎదురుచూసి, విసిగి ముందుకు పోతోంది.

ఇక్కడ తెలుగులో రాస్తున్న కమాండ్లన్నీ మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ముందుగా 'ఐపీ లింక్' అని ఇవ్వండి. మొదట ఎల్ఓ అనే లూప్‌బ్యాక్ (కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే ఉత్తుత్తి కార్డు) కనిపిస్తుంది, దాని జోలికి పోవద్దు. దాని కింద ఈఎన్‌పీతో మొదలయ్యే పేరు ఏముందో కాగితం మీద రాసుకోండి. అది ఈఎన్‌పీ3ఎస్0 అనుకుందాం. ఇప్పుడు 'సుడో ఐపీ లింక్ సెట్ ఈఎన్‌పీ3ఎస్0 అప్' అని ఇచ్చి, కొన్ని సెకన్లాగి మళ్లీ 'ఐపీ లింక్' చూడండి. పేరు పక్కన బ్రాకెట్లలో 'లోయర్ అప్' అని వచ్చిందంటే కార్డు, పోర్టు, కేబుల్ మూడూ బాగున్నట్టే. 'నో క్యారియర్' అని వస్తే సిగ్నల్ అందడం లేదు, కేబుల్ సరిగా కూర్చోబెట్టి మళ్లీ చూడండి. ఈఎన్‌తో మొదలయ్యే పేరే కనబడకపోతే సంగతి వేరు. 'ఎల్ఎస్‌పీసీఐ హైఫన్ కే' (హైఫన్ అంటే - గుర్తు) ఇస్తే ఈథర్‌నెట్ కంట్రోలర్ వరుస కింద ఏ డ్రైవర్ నడుస్తోందో చూపిస్తుంది. కంట్రోలర్ ఉండి డ్రైవర్ లేకపోతే అది డ్రైవర్ సమస్య. కంట్రోలరే లేకపోతే బయాస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) ల్యాన్ ఆఫ్ అయిందేమో చూడండి. అదీ ఆన్‌లోనే ఉంటే అప్పుడు పోర్టుని అనుమానించండి.

పేరు మార్చడం తేలిక. ఈటీసీ ఫోల్డర్లోని నెట్‌ప్లాన్ ఫోల్డర్లో యామల్ ఫైలు ఉంటుంది, ఇందాక చెప్పిన సెట్టింగ్స్ ఫైలు ఇదే. ముందు దానికి ఒక కాపీ తీసి ఇంకో ఫోల్డర్లో పెట్టుకోండి. తర్వాత 'ఈథర్‌నెట్స్' కింద ఉన్న పాత పేరు తీసి కొత్తది రాయండి. వరుసల ముందు ఖాళీలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచాలి. ట్యాబ్ నొక్కితే ఫైలు చెల్లదు. ఆ తర్వాత 'సుడో నెట్‌ప్లాన్ ట్రై' ఇవ్వండి. అంతా బాగుంటే 120 సెకన్లలోపు ఎంటర్ నొక్కాలి, లేదంటే పాత సెట్టింగే తిరిగి వస్తుంది. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయి పని చేసేవాళ్లకి ఇది ప్రాణాధారం. నేరుగా 'అప్లై' కొట్టే అలవాటు ఉంటే మానుకోండి.

రేపు ఇంకో కార్డు పెడితే మళ్లీ ఇదే తంటా రాకూడదంటే, అదే ఫైల్లో 'మ్యాచ్' అని రాసి దాని కింద కార్డు మ్యాక్ అడ్రస్ (ప్రతి కార్డుకీ ఉండే గుర్తింపు నంబరు) ఇవ్వండి. 'ఐపీ లింక్'లో 'లింక్ ఈథర్' పక్కన ఉండేదే ఆ అడ్రస్. ఇక కార్డు ఎక్కడికి జరిగినా సెట్టింగ్ దాని వెంటే పోతుంది.

ఉబుంటు మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని కూడా మీకెవరైనా చెప్పవచ్చు. అలా చేస్తే నెట్ వస్తుంది కూడా. ఇన్‌స్టాలర్ కొత్త పేరుతో కొత్త ఫైలు రాస్తుంది కాబట్టి. కానీ ఒక్క పేరు మార్చడానికి మీ కస్టమర్ల పెళ్లి కార్డులు, ప్రాజెక్టు రిపోర్టులు ఉన్న డిస్కుని ప్రమాదంలో పెట్టడం నాకు బొత్తిగా నచ్చదు.

ప్రశ్న: చిత్తూరులో డిగ్రీ చదువుతున్నాను. ల్యాప్‌టాప్‌లో విండోస్, లైనక్స్ మింట్ రెండూ ఉన్నాయి. విండోస్ వాడి షట్‌డౌన్ చేశాక మింట్‌లోకి వెళ్తే ఒక్కోసారి వైఫై అసలు కనిపించదు. ఎగ్జామ్స్ ముందు టెన్షన్‌గా ఉంది.

జవాబు: విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తిగా జరగదు. కొంత భాగం నిద్రలోకే పోతుంది. దాంతో కొన్ని వైఫై కార్డుల్ని లైనక్స్ లేపలేదు. ఈసారి విండోస్‌లో షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి మింట్‌లోకి వెళ్లండి. వైఫై వస్తే కారణం దాదాపు తేలినట్టే. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్ల సెట్టింగ్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. అప్పటికీ రాకపోతే మింట్‌లో 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' ఇవ్వండి. 'సాఫ్ట్ బ్లాక్డ్' దగ్గర యెస్ అని ఉంటే 'ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై'తో పోతుంది. 'హార్డ్ బ్లాక్డ్' దగ్గర యెస్ అని ఉంటే మాత్రం ఈ కమాండ్ పనిచేయదు. ల్యాప్‌టాప్ పక్కన ఉండే వైఫై స్విచ్, లేదా కీబోర్డు పైవరుసలో విమానం బొమ్మ ఉన్న కీ చూసుకోండి.

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ఉరుములు, మెరుపులతో వాన పడిన రాత్రి తర్వాత డెస్క్‌టాప్ ల్యాన్ పోర్టు దగ్గర లైటు వెలగడం లేదు. లైనక్స్‌లో 'నో క్యారియర్' అంటోంది.

జవాబు: వేరే కేబుల్‌తో, రూటర్‌లో వేరే పోర్టులో పెట్టి చూడండి. రూటర్ పోర్టు ఒక్కటే పోయి ఉండొచ్చు. ఆ కేబుల్‌తోనే ల్యాప్‌టాప్‌కి నెట్ వచ్చి, డెస్క్‌టాప్‌కి మాత్రం రాకపోతే పోర్టు పోయినట్టే అనుకోవాలి. అయినా మదర్‌బోర్డు మార్చక్కర్లేదు. యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ పెట్టుకుంటే చాలు. ఎక్కువ వాటికి డ్రైవర్ కెర్నెల్‌లోనే (లైనక్స్ మూల భాగంలోనే) ఉంటుంది. ఇకమీదట ఉరుము వినబడగానే కరెంటు ప్లగ్గుతో పాటు ల్యాన్ కేబుల్ కూడా పీకండి. స్తంభాల మీదుగా రాగి తీగ ఇంట్లోకి వస్తుంటే పిడుగు దెబ్బ ఆ దారిన కూడా లోపలికి వస్తుంది.