గిట్ట తాటించిన జింక ఎవరితో మాట్లాడుతోంది?

అమెరికాలో విల్లుతో జింకలను వేటాడే సీజను మొదలైతే చాలు, నాకు వచ్చే ఉత్తరాలన్నీ తెల్లతోక జింక చుట్టూనే తిరుగుతాయి. ఈ నెల అమెరికా నుంచి వచ్చినవి ఐదు, నల్లమల చూసి వచ్చిన పాఠకుడిది ఒకటి తీసుకున్నాను. చదివే ముందు నా పట్టింపు ఒకటి చెబుతాను. జింక సైగ చేయగానే దాని అర్థమేమిటని అడగకండి, ఆ సైగ ఎవరికోసమని అడగండి. మీకా, తన మందకా, పొదల అవతల ఉన్న మరో పోతుకా (మగ జింకకా)? అది తేలితే సగం చిక్కు విడిపోయినట్టే.

ప్రశ్న: మిచిగన్‌లో ఈ ఏడే లైసెన్సు తీసుకుని విల్లుతో వేటకు వెళ్తున్నాను. మంచె మీద ఉండగా ఒక ఆడ జింక వచ్చి నిలబడి ముందుకాలితో నేలను తాటించింది. తల దించింది, చటుక్కున ఎత్తింది. చాలాసేపు ఇదే తంతు. చివరికి ముక్కుతో గట్టిగా చీది పారిపోయింది. నన్ను చూసిందా, లేదా?

జవాబు: చూసింది. కానీ మీరు ఏమిటో దానికి తేలలేదు. మనిషని తేలిపోయి ఉంటే ఇంత తంతు నడిపేది కాదు, వచ్చిన దారినే పోయేది.

కాలు తాటించడం ఇద్దరికోసం. చుట్టుపక్కల ఉన్న జింకలకు ఆ చప్పుడు ఒక హెచ్చరిక. గిట్ట చీలిక మధ్య ఒక గ్రంథి ఉంటుంది, తాటించిన చోట దాని వాసన కూడా పడుతుంది. ఇక మీకోసం: ‘నువ్వెవరో కదిలి చూపించు’ అని. జింక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. కదలికను పట్టడంలో వాటికి సాటి లేదు, కదలని ఆకారాన్ని పోల్చడంలో మాత్రం అంత చురుకు కాదు. అందుకే మిమ్మల్ని కదిలించాలని చూస్తుంది. తల దించడం కూడా అందులో భాగమే. ఈసారి దాని నోరు గమనించండి. గడ్డి మీద మూతి ఉంటుంది, దవడ మాత్రం ఆడదు. చెవులు రెండూ మీవైపే నిక్కి ఉంటాయి. అది మేత కాదు, నటన. తల దించింది కదా అని మీరు విల్లు ఎత్తారో, దొరికిపోయారు.

అప్పుడు చేయాల్సింది చాలా తక్కువ. కదలకండి, దాని కళ్లలోకి చూడకండి, రెప్పలు సగం వాల్చండి. దాని కాళ్లను గమనిస్తూ ఉండండి. అక్కడి నుంచి అర్ధచంద్రాకారంగా నడక మొదలుపెట్టిందంటే మీ గాలివాలు వెతుక్కుంటోందన్నమాట. కళ్లు చెప్పింది దానికి అనుమానం, ముక్కు చెప్పిందే తీర్పు. మీ మంచె వాలు మీద ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. ఎండ ఎక్కుతుంటే గాలి పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడితే కిందికి దిగుతుంది. పొద్దున పనికొచ్చిన మంచె సాయంత్రం మీ వాసనను నేరుగా లోయలోకి పంపుతుంది. పిల్లలను పెంచి ఏళ్లు గడిచిన ఆడ జింక ఈ విషయంలో పోతుకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది.

రంగు గురించి మీరు అడగకపోయినా చెబుతాను. మీ రాష్ట్రంలో నవంబరు 15న తుపాకీ సీజను మొదలవుతుంది, నారింజ రంగు దుస్తులు తప్పనిసరి. దాన్ని చూసి జింక బెదురుతుందని సణిగేవాళ్లను చాలామందిని చూశాను. ఎరుపు, నారింజ రంగులు దానికి మందంగానే కనిపిస్తాయి. బాగా కనిపించేది నీలం. కాబట్టి ఆ జీన్సు ఇంట్లో వదిలేయండి.

ప్రశ్న: మావారితో కలిసి ఒహాయో అడవుల్లో కూర్చుంటాను. వేట ఆయనది, వినడం నాది. ఒకసారి పంది గుర్రుమన్నట్టు, ఇంకోసారి మేకపిల్లలా, మరోసారి టైరులో గాలి పోయినట్టు వినిపిస్తుంది. ఇవన్నీ జింకవేనా? జింకలా గుర్రుమనే పిలుపు గొట్టం ఒకటి ఆయన కొన్నారు, ఊదనివ్వాలా?

జవాబు: అమ్మా, వినేవాళ్లే మంచి వేటగాళ్లు. మీరు విన్నవి మూడూ జింకవే.

గుర్రుమనడంలో రకాలున్నాయి. ఆడ జింక మెత్తగా, పొట్టిగా గుర్రుమంటే పిల్లలనో తోటివాళ్లనో పలకరిస్తున్నట్టు. అడుగుకొకటి చొప్పున తెంపులేకుండా వినిపిస్తే ఎదకు వచ్చిన ఆడదాని వెనక పోతు పడిందని అర్థం. అప్పుడు ముందుగా కనబడేది ఆడ జింకే. ఆమె దాటిపోయిందని ఊపిరి వదిలేయకుండా, వచ్చిన దారినే చూస్తూ ఉండమనండి. మేకపిల్లలా అరిచేది కూన, తల్లిని పిలుస్తోంది.

గాలి పోయినట్టు వినిపించింది అన్నిటికంటే అరుదు. రెండు మూడు సార్లు పొట్టిగా చీది, ఆ వెంటే సన్నగా, పొడవుగా ఈల లాంటి ఊపిరి వదులుతుంది. ఇది పెద్ద పోతు మరో పోతుతో అనే మాట, మీకు సంబంధించింది కాదు. ఆ క్షణంలో దాని ఒళ్లు చూడగలిగితే, చెవులు మెడకు అంటుకుని ఉంటాయి, మెడమీది రోమాలు నిక్కి ఉంటాయి, కాళ్లు బిగబట్టి పక్కవాటుగా నడుస్తుంది. మనిషిని చూసి చీదినప్పుడు ఇవేమీ ఉండవు. ఒక్కసారి గట్టిగా గాలి వదలడం, తోక ఎత్తి పరుగు, అంతే.

గొట్టం ఊదవచ్చు. కానీ తనంతట తానే మీవైపు వస్తున్న పోతు మీద ఊదడం నాకు ససేమిరా నచ్చదు. వచ్చేదాన్ని రానివ్వకుండా పిలవడమెందుకు? దూరంగా వెళ్లిపోతున్నదాని మీద ఒకసారి ఊదమనండి. ఆగి చెవులు ఇటు తిప్పిందా, విన్నట్టే. ఇక గొట్టం జేబులో ఉండాలి. అది ఇటే చూస్తుండగా మళ్లీ ఊదితే, శబ్దం వచ్చిన చోట జింక లేదని దానికి ఇట్టే తెలిసిపోతుంది. పోతులు పోట్లాడుతున్నట్టు వినిపించాలని కొమ్ములు రెండు పట్టుకుని ఫటఫటలాడించే పని ఉత్తరాది రాష్ట్రాల్లో నవంబరు తొలి రోజులకు అట్టిపెట్టుకోండి. పగటి వేళ కురచబడటమే ఎదకాలానికి మూలం, అందుకే ఏటా దాదాపు అదే సమయానికి వస్తుంది. అక్టోబరు మొదట్లో పోతులు కొమ్ములు ఆనించి సరదాగా నెట్టుకుంటాయి తప్ప యుద్ధాలు చేయవు.

ప్రశ్న: తోక ఎత్తితే భయమనీ, ఆడిస్తే నిశ్చింత అనీ విన్నాను. అంత సులువుగా ఉంటుందా? (పెన్సిల్వేనియా)

జవాబు: దాదాపు అంతే, మధ్యలో ఉన్న దశ మీరు వదిలేశారు. బిగుసుకున్న తోక సగమే లేచి ఉంటే అనుమానం. పూర్తిగా లేచి అడుగునున్న తెలుపు కనబడితే పరుగే. ఆ తెలుపు వెనకే పరిగెత్తే కూనకు దారి చూపుతుంది, వేటాడే జంతువుకు ‘నిన్ను చూశాను, ఇక వెంటపడి లాభం లేదు’ అని కూడా చెబుతుంది. నిలబడ్డ జింక తోకను ఒకసారి అటూ ఇటూ ఊపిందంటే అనుమానం తీరిందనీ, అడుగు వేయబోతోందనీ అనుకోవచ్చు. నేను దీన్ని చాలా నమ్ముతాను. అయితే ఎదకు వచ్చిన ఆడ జింక తోకను పక్కకు వంచి పట్టుకుని నడుస్తుంది. అది భయమూ కాదు, నిశ్చింతా కాదు. దాని వెనక పోతు ఉంటుంది. ఆ పోతు ఆగి పైపెదవి ముడిచి మోర ఎత్తితే మిమ్మల్ని వాసన పట్టిందని కంగారుపడకండి, ఆడదాని మూత్రం వాసనను పరీక్షిస్తోంది.

ప్రశ్న: ముప్పై గజాల్లో నిలబడ్డ జింక మీద బాణం వదిలాను. గురి సరిగ్గానే ఉంది, బాణం వీపు మీదుగా పోయింది. బాణాన్ని చూసి వంగిందా?

జవాబు: చూసి కాదు, విని. ముప్పై గజాలంటే సుమారు 27 మీటర్లు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, మంచి కాంపౌండ్ విల్లు (కప్పీలున్న విల్లు) బాణం 85 మీటర్లు. అంటే అల్లెతాటి చప్పుడు 0.08 సెకనులో చేరుతుంది, బాణానికి 0.32 సెకను పడుతుంది. ఆ తేడాలో జింక పరుగుకోసం కాళ్లు ముడుచుకుంటుంది. తప్పించుకుందామని వంగదు, దూకాలంటే ముందు వంగాలి కాబట్టి వంగుతుంది.

నన్నడిగితే, మెడ నిక్కించి, కాలు బిగబట్టి ఉన్న జింక మీద అంత దూరం నుంచి బాణం వదలకూడదు. నడుస్తున్న జింకను ఆపడానికి నోటితో ‘మే’ అనే అలవాటు చాలామందికి ఉంది. ఆగుతుంది, నిజమే. ఆగినది ఇప్పుడు మీ చప్పుడు కోసమే చెవులు రిక్కించి ఉంటుంది కదా! దగ్గరైతే ఫరవాలేదు, దూరమైతే అదే మీకు ఎదురుతిరుగుతుంది.

ప్రశ్న: నల్లమలలో సఫారీకి వెళ్లినప్పుడు దుప్పి కూత విని గైడు జీపు ఆపించాడు. పులి మాత్రం కనబడలేదు. దుప్పి అబద్ధమాడుతుందా?

జవాబు: అబద్ధం కాదు, తొందర. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. కాబట్టి ఇక్కడ ఈ విద్య చూడటానికే. చుక్కల దుప్పి చిరుతకూ కూస్తుంది, అడవికుక్కలకూ కూస్తుంది, అనుమానం వచ్చినా కూస్తుంది. కణితి (సాంబర్ జింక) అంత తేలిగ్గా నోరు విప్పదు. దాని గట్టి కూత మళ్లీ మళ్లీ వినిపిస్తే ఆ వైపు జీపు తిప్పించండి. మందలో తలలన్నీ ఒకే పక్కకు తిరిగి, కాళ్లు తాటిస్తుంటే మీరు చూడాల్సింది దుప్పులను కాదు, అవి చూస్తున్న చోటును.

ప్రశ్న: బాణం తగిలింది. జింక పరిగెత్తలేదు, వీపు గూనిగా చేసి మెల్లగా నడుచుకుంటూ పోయింది. అది వెళ్లిన దారిలో వెంటనే వెళ్లనా? ఈసారికి ఎలాగో దొరికింది, మళ్లీ ఇలా జరిగితే? (విస్కాన్సిన్)

జవాబు: వెళ్లవద్దు. వీపు వంచి, తోక అదిమిపెట్టి నడిస్తే బాణం పొట్టలో తగిలి ఉంటుంది. గుండెకో ఊపిరితిత్తులకో తగిలితే చాలాసార్లు వెనక కాళ్లు ఎగదన్ని, తల దించి దూసుకుపోతుంది. బాణం దొరికితే చూడండి. లేత ఎరుపులో నురగ ఉంటే ఊపిరితిత్తులు, ముదురు ఎరుపైతే కాలేయం, ఆకుపచ్చటి పసరు, దుర్వాసన ఉంటే పొట్ట. మొదటిదానికి అరగంట ఆగితే చాలు. కాలేయానికి నాలుగైదు గంటలు. పొట్టకు ఎనిమిది గంటలైనా ఆగాలి, సాయంత్రం తగిలితే తెల్లారేదాకా. తరమకపోతే దగ్గర్లోనే ఏదో పొదలో పడుకుంటుంది. తరిమితే మైళ్లు పోతుంది, రక్తం చుక్క కూడా దొరకదు. వాన ముంచుకొస్తుంటే మాత్రం ఈ లెక్క మారుతుంది. అప్పుడు తర్ఫీదు పొందిన కుక్కతో జాడ తీసేవాళ్లను పిలవండి. విస్కాన్సిన్‌లో గాయపడ్డ జింక జాడ తీయడానికి పట్టీ కట్టిన కుక్కను వాడనిస్తారు, నిబంధనలు మాత్రం ముందే చదివి పెట్టుకోండి.