అడ్డం, నిలువు కలవని లెక్క

ప్రశ్న: మా అబ్బాయి ఎం.ఏ. ప్రాజెక్టుకి దేశం మొత్తం రాబడి, ఖర్చుల పట్టిక వేస్తున్నాడు. అడ్డం వరసకీ నిలువు వరసకీ మొత్తం కలవడం లేదని టెన్షన్. ప్రభుత్వ లెక్కలు కూడా తప్పేనా?
– ఓ తల్లి, అమలాపురం

జవాబు: తప్పు కాదమ్మా, ధరల తేడా. మా నాన్నగారు రాజోలు దగ్గర రైస్ మిల్లులో గుమాస్తా. బియ్యం, తవుడు, చివరికి ఇటుక బట్టీకి పోయే ఊక కూడా జమలో రాసేవారు. ధాన్యం, కరెంటు, కూలి, ఓనరు లాభం ఖర్చులో. రెండూ కలిసేదాకా భోజనానికి లేచేవారు కాదు! మీవాడి పట్టికా అంతే.

మన దేశపు సప్లై (ఏ సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో), యూజ్ (దాన్ని ఎవరు వాడారో) టేబుల్స్‌లో 140 సరుకులు, 66 పరిశ్రమలు. సప్లైలో సరుకు విలువ మిల్లు గుమ్మం ధరకి, యూజ్‌లో కొన్నవాడు ఇచ్చిన ధరకి. మధ్యలో లారీ కిరాయి, వ్యాపారి మార్జిన్, పన్ను. ముందు వాటిని విడదీయమనండి. ఇంకా తేడా ఉంటే ‘రాస్’ (RAS) పద్ధతిలో అడ్డం వరసల్నీ నిలువు వరసల్నీ మార్చిమార్చి, మొత్తాలు కలిసేదాకా సరిచేయొచ్చు. నిల్వల తరుగు మైనస్‌లో ఉంటే మాత్రం ఈ పద్ధతి మొరాయిస్తుంది. ఆ తరుగును పక్కన పెట్టి చేయమనండి.