కిలో వెయ్యా, వెయ్యిన్నీ ఇరవై నాలుగా?

సందేహం: రామచంద్రపురంలో 128 జీబీ పెన్‌డ్రైవు కొన్నానండి. ఇంటికొచ్చి కంప్యూటరుకి పెడితే 119 జీబీయే చూపిస్తోంది. కొట్లో కుర్రాణ్ణి అడిగితే "కిలో అంటే 1024 కదండీ, ఆ తేడా" అన్నాడు. కిలో అంటే వెయ్యి అనే కదా మనం చదువుకున్నది! కిలోబైటంటే 1024 బైట్లని రాయడం ఒప్పేనా? ఈ కొలతలకి తెలుగు మాటలున్నాయా?

సమాధానం: మీ సొమ్ము ఎక్కడికీ పోలేదు. తయారీదారు 12,800 కోట్ల బైట్లు కొలిచి పోశాడు. విండోస్ ఆ రాశినే 107,37,41,824 బైట్లు పట్టే పెద్ద కుంచంతో తిరగకొలిచి 119 అంది. కుంచం మార్చినా పేరు మార్చకుండా 'జీబీ' అనే రాసింది, వచ్చిన చిక్కల్లా అదే. 2009 నుంచీ వస్తున్న మాక్ కంప్యూటర్లు వెయ్యి లెక్కే వాడతాయి కాబట్టి వాటిలో చూస్తే 128కి దగ్గరగానే ఉంటుంది.

1024 ఎందుకొచ్చిందంటే, మెమరీ చిప్పులో ఒక్కో గదికీ ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామా మోసే తీగ ఒక్కొక్కటి పెరిగినప్పుడల్లా గదులు రెట్టింపవుతాయి. పది తీగలకి 1024. వెయ్యికి దగ్గరగా ఉంది కదా అని దాన్నే కిలో అనేశారు. అప్పట్లో తేడా నూటికి రెండున్నర లోపే. కిలో, మెగా, గిగా, టెరా అని మెట్టెక్కినప్పుడల్లా మళ్ళీ 1024తో హెచ్చవెయ్యడమే కాబట్టి తేడా కూడా పెరిగింది. గిగాకి వచ్చేసరికి ఏడు దాటింది, టెరాకి పదికి చేరింది.

ఇక తెలుగు మాటల సంగతి. రెట్టింపు లెక్క మనకేమీ కొత్త కాదు. మన పాత ధాన్యం కొలతలే చూడండి. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. ఎనిమిది మెట్లు. అంటే తూముకి 256 గిద్దలు. బిట్టంటే సున్నో ఒకటో పట్టే గది. అలాంటివి ఎనిమిదున్న బైటులో పట్టే విలువలూ సరిగ్గా 256. కాకతాళీయమే, కాదనను, కానీ ముచ్చటైన కాకతాళీయం. కంప్యూటరు వాటిని సున్న నుంచి 255 దాకా లెక్కపెడుతుంది. మన కళ్ళంలో కొలిచేవాడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టేవాడు.

తూము దాటాక చూడండి తమాషా. ఇరు తూములు ఇద్దుము, ఏను తూములు ఏదుము (ఏను అంటే ఐదు), పది తూములు పందుము, ఇరవై తూములు పుట్టి. తూము వరకూ రెట్టింపులు, ఆపైన చేతివేళ్ళ లెక్క! ఇదే కిచిడీ పాతకాలం ఫ్లాపీ డిస్కులోనూ జరిగింది. 1.44 ఎంబీ ఫ్లాపీలో ఉన్నవి 14,74,560 బైట్లు. అంటే 1.44ని ఓసారి వెయ్యితో, ఇంకోసారి 1024తో హెచ్చవేశారు. అది మెగా ఏ లెక్కన అయినట్టు? మన పుట్టి నయం, కనీసం వేరే పేరు పెట్టుకుంది.

ఈ గొడవ తీర్చడానికే 1998లో అంతర్జాతీయ ప్రమాణాల వాళ్ళు 1024 లెక్కకి కిబీ, మెబీ, గిబీ అని పేర్లు పెట్టారు. ప్రమాణం ప్రకారం కిలో వెయ్యే. వాడుకలో మాత్రం ర్యామ్ దగ్గర 1024 పాతుకుపోయింది, దాన్ని తప్పనడానికి నోరు రాదు. కచ్చితం కావలసిన చోట గిబీబైటని రాయండి, మామూలు మాటల్లో జీబీ చాలు. 'గిబీ' నా చెవికైతే ఇంకా ఇంపుగా లేదు.

బైటుకి తెలుగు మాట చెయ్యనక్కర్లేదు. అది ఇంగ్లీషులోనే చేసిన మాట. 1956లో ఐబీఎంలో వెర్నర్ బుక్‌హోల్జ్ పెట్టాడు, బిట్‌తో కలగాపులగం కాకుండా bite వర్ణక్రమాన్ని byte అని మార్చి మరీ. గ్లాసుకి ఎడు చేర్చి గ్లాసెడు చేసుకున్న జాతి మనది, బైటుని అరిగించుకోలేమా? కానీ పత్రికల్లో "మెగాబైట్స్‌లు" ఏమిటండీ, బహువచనం మీద బహువచనం! మెగాబైట్లు అనండి. "ఒకటిన్నర జీబీ" అని ప్రకటనల్లో ఊదరగొడుతున్నారు. శేరున్నర అన్న నోటికి జీబీన్నర పలకదా?

తూముకి కాలవ గట్టు మీద ఇంకో అర్థముంది, నీళ్ళు వదిలే గొట్టం. తమిళంలో తూంబు అన్నా గొట్టమే. వెదురు గొట్టంతో కొలిచిన రోజుల్లో రెండూ ఒకటే మాటేమో అని నా ఊహ, పందెం మాత్రం కాయను. మీ ఇంటి నెట్టుకి చెప్పే ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) మాత్రం ఈ రెండో తూమే, పారే లెక్క. పైగా అది బిట్లలో. 40 అంటే ఎనిమిదితో భాగించండి, సెకనుకి ఐదు మెగాబైట్లకి మించి రావు.